నాలుగో పాట చివర దగ్గు

మా టైలరు పోయి ఎనిమిది నెలలయింది. నాకు ఏడుపు రాలేదు. కబురు తెలిసిన పొద్దున నేను నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో వస్తున్నాను. శిరివెళ్ల దాటాక ఫోను మోగింది. అవతల మనిషి చెప్పింది విని "సరే" అన్నాను. అట్లాంటి కబురుకు సరే అని ఎవరైనా అంటారా? నేనన్నాను. ఆఫీసుకు పోయి సంతకం పెట్టి, అక్కణ్ణుంచి వాళ్లింటికి పోయి దండ వేసి, మళ్లీ ఆఫీసుకు వచ్చి ఆ రోజు టపా అంతా రిజిస్టరులో రాశాను. సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. దొరికిందని సంతోషించినట్టు కూడా గుర్తు.

నేను ఆళ్లగడ్డలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమస్తాని. కాపురం నంద్యాలలో. రోజూ బస్సులో పోయి రావడమే. టైలరు అంగడి అహోబిలం జీపులు నిలబడే చోటికి ఎదురుగా ఉండేది. పద్దెనిమిదేళ్ల కింద ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి పోయినప్పుడు లోపల టేపురికార్డరులో ఒక పాట వస్తోంది. గొంతు ఎవరిదో తెలియదు, తబలా వాయించేవాడికి తాళం సరిగ్గా రాదు, కానీ పాడేవాడు మాత్రం ఎవరికో జవాబు చెబుతున్నట్టు పాడుతున్నాడు. ఎవరప్పా ఇది అని అడిగాను. అహోబిలంలో పూలు అమ్ముకునే ఆయన సొంతంగా రాసి పాడుకున్నాడని చెప్పాడు టైలరు. నేను ఆ సాయంత్రం ప్యాంటు సంగతి మరిచిపోయి క్యాసెట్టు పట్టుకుపోయాను.

మా ఇద్దరి పిచ్చీ ఒకటేనని అట్లా తెలిసింది. సొంతంగా రాసి, సొంతంగా బాణీ కట్టి, సొంత గొంతుతో పాడి, చేతి డబ్బుతో క్యాసెట్టు వేయించి, ఎవరూ కొనకపోతే మంచం కింద పెట్టుకున్నవాళ్ల పాటలు కావాలి మాకు. పేరున్నవాళ్లు వద్దు. వాళ్లను వినడానికి లోకమంతా ఉంది. మాది చర్చికి పోయే కుటుంబం. సువార్త సభల్లో చివరి బల్ల మీద, క్యాలెండర్ల పక్కన ఇట్లాంటి క్యాసెట్లు పెట్టుకుని ఎవరో ఒకరు బెరుగ్గా నిలబడి ఉంటారు. వాళ్ల దగ్గర కొని నేను అతనికిచ్చేవాణ్ణి. అతనిది పాతకాలం నుంచి సేద్యం చేసే, గుడికి పోయే కుటుంబం. భజన బృందాల వాళ్లవి, తిరునాళ్ల వాళ్లవి అతను నాకిచ్చేవాడు. ఒకసారి బెలుం గుహల్లో గైడుగా చేసే ఒకతను గుహ లోపలే కూర్చుని ఫోనులో రికార్డు చేసుకున్న ఏడు పాటలు సంపాదించి తెచ్చాడు. ఆ పాటల్లో నీటి చుక్కలు పడే చప్పుడు వినిపించేది. దేవుడెవరన్న మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు. పాడినవాడే రాశాడా అన్నదొక్కటే ఒకరినొకరం అడిగేవాళ్లం.

అతని దగ్గర ఒక పద్ధతి ఉండేది. క్యాసెట్టు ఇచ్చేటప్పుడు గుడ్డ కత్తిరించే అట్టలోంచి చిన్న ముక్క తీసి, ఏ పాట ముందు వినాలో రాసి, గుండుసూదితో గుచ్చి ఇచ్చేవాడు. తిరిగి ఇచ్చేటప్పుడు ఒకటే ప్రశ్న అడిగేవాడు.

"యాడ ఆగినావన్నా?"

పాట వింటూ పని చేసుకుంటుంటే ఎక్కడో ఒకచోట చెయ్యి ఆగుతుంది. కుట్టేవాడికి కాలు ఆగుతుంది. ఆ చోటు చెప్పాలి. ఏ పాట, ఏ చరణం, ఏ మాట దగ్గర. చెప్పకుండా "అన్నీ బాగున్నాయప్పా" అంటే ఇంకో క్యాసెట్టు ఇచ్చేవాడు కాదు.

"అన్నీ బాగుండాయంటే విన్ల్యా అని. ఇంకోసారి వినిరాపో," అనేవాడు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. కొలతలు తీసుకోవడం అతని వృత్తి కదా, పాటలకు కూడా తీసేవాడు. కొత్త ఆల్బమ్ వచ్చిందంటే గోడ గడియారం చూస్తూ ఒక్కో పాట ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకన్లు పడుతుందో కొలతల పుస్తకంలో రాసుకునేవాడు. ఛాతీ, భుజం, చేతి పొడుగు రాసే పుస్తకంలోనే. "పాటకు కాలరు కూడా పెడ్తావా" అని ఏడిపించేవాణ్ణి. నవ్వేవాడు గానీ మానేవాడు కాదు.

తర్వాత ఫోన్లు వచ్చాయి. మేమిద్దరం కలిసి ఒక గ్రూపు పెట్టాం. నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల వైపు నుంచి నలభై మంది దాకా చేరారు. ప్రతి ఆదివారం ఒక ఆల్బమ్. క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించి, బరబర చప్పుడు తీసి, దాని గురించి పది వాక్యాలు రాసి పెట్టడం నా పని. నాకు చెవి బాగుందని గ్రూపులో పేరొచ్చింది. ఆ పేరు నాకు నచ్చింది. ఆఫీసులో నాకు ఏ పేరూ లేదు మరి.

మూడేళ్ల కిందట టైలరు ఒక క్యాసెట్టు ఇచ్చాడు. పాత చొక్కా ఒకటి బాగుచేయించుకోవడానికి తెచ్చిన మనిషి జేబులో మరిచిపోయి, మళ్లీ దాని కోసం రాలేదట. కొన్నేళ్లుగా అతని దగ్గరే ఉంది. అట్ట మీద ఒక దీపం బొమ్మ, గోస్పాడు మండలంలో ఒక ఊరి పేరు, రాసి పాడిన ఒక బడి పంతులు పేరు. పది పాటలు. ఆ క్యాసెట్టు రెండో ప్రతి నేనెక్కడా చూడలేదు.

పాటలు ఎక్కించే నా క్యాసెట్టు డెక్కులో బెల్టు అప్పుడే తెగింది. కొత్త బెల్టు తెచ్చి నేనే వేశాను. మోటారు వెనక చిన్న బెజ్జం ఉంటుంది. దానిలో స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే వేగం పెరుగుతుంది, తగ్గుతుంది. సరిచూసుకోవడానికి వేరే పద్ధతులు ఉన్నాయి. నేను మాత్రం చిన్నప్పటి నుంచి కంఠస్థమైన పాట ఒకటి పెట్టి, చెవితోనే సరిచేశాను. నాకు చెవి ఉంది కదా. ఆ తర్వాత పెట్టిన మొదటి క్యాసెట్టు పంతులుదే. తొమ్మిది పాటలు చక్కగా ఎక్కాయి. పదో పాట సగంలో డెక్కు టేపును నమిలేసింది. మూత తెరిచి చూస్తే ఆ గోధుమరంగు రిబ్బను చక్రాలకు చుట్టుకుపోయి ఉంది. లాగితే తెగింది. మిగిలిందంతా మడతలు పడి పనికిరాకుండా పోయింది. అది నాది కాదు, అతనిది.

మర్నాడు అంగడికి పోయి చెప్పాను. అతను దారం ఎక్కిస్తున్నాడు.

"పోనీలే అన్నా. పాటలొచ్చినాయి గదా."

"తొమ్మిదే వచ్చినాయప్పా."

"తొమ్మిది చాల్లే," అన్నాడు.

అతను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు కాబట్టి నాకు అతని మీదే కోపం వచ్చింది. అట్లాంటి బుద్ధి నాది. ఫోనులో పాటలు పెట్టిచ్చి వచ్చేశాను. రెండు రోజులు పోయాక మళ్లీ అంగడికి పోతే, మెల్లగా అన్నాడు.

"అన్నా, ఏందో పరుగెత్తుతాండాది ఇది."

"ఏంది పరుగెత్తేది?"

"పాట. ఆయప్ప ఇంత తొందరగా పాడల్యా."

నా చేతుల్లో పాడైన క్యాసెట్టు, నేనే తిప్పిన స్క్రూ, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి ఒళ్లు మండింది. "నువ్వు మిషన్ చప్పుడులో వింటావు, నీకేం తెలుస్తాది? నేను ఇయర్‌ఫోను పెట్టుకోని పదిసార్లు విన్నా. కొలతలు చొక్కాలకు తీసుకో చాలు," అన్నాను. అంగడిలో ఇంకో ఇద్దరు మనుషులున్నారు. వాళ్ల ముందే అన్నాను.

అతను తల వంచుకుని సూది బెజ్జం వెతుక్కున్నాడు. దారం ఎక్కించి, "నాలుగో పాట అయిపోయినాక దగ్గుతాడు. అది తియ్యద్దన్నా. ఉండనీ," అన్నాడు. చప్పుళ్లు తీసేసేటప్పుడు ఆ దగ్గు కూడా తీసేద్దామనే అనుకుని ఉన్నాను. అతను అడిగాడని ఉంచాను. ఉంచి, అదేదో మేలు చేసినట్టు అనుకున్నాను కూడా.

ఆదివారం గ్రూపులో పెట్టాను. పది వాక్యాలు కాదు, ఇరవై రాశాను. ఇరవై ఏళ్లు కూడా నిండని గొంతులా ఉందనీ, ఇంత లేత గొంతులో ఇంత బరువైన మాటలు ఎట్లా పలికాయో అనీ రాశాను. జనానికి తెగ నచ్చింది. మేము పెట్టిన ఇన్ని ఆల్బమ్‌లలో గ్రూపు దాటి బయటికి పోయింది అదొక్కటే. చర్చిల్లో కుర్రవాళ్లు ఆ వేగంతోనే, ఆ శ్రుతిలోనే నేర్చుకుని పాడారు. నంద్యాల బస్టాండులో ఒకామె ఫోను మోగితే ఆ రెండో పాటే. నాకు గర్వంగా ఉండేది. టైలరు కూడా గ్రూపులో రాశాడు, "అన్న మంచి పాటలు పెట్టినాడు, అందరూ వినండి" అని. పరుగెత్తుతోందన్న మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఆ తర్వాత నేను వేరే డెక్కు కొన్నాను. మిగతా ఆల్బమ్‌లన్నీ దాంతోనే ఎక్కించాను.

తర్వాత అతను గుండెపోటుతో పోయాడు.

ఆదివారం ఆల్బమ్ నేను ఆపలేదు. ఆపడానికి కూడా ఏదో ఒకటి అనిపించాలి, నాకేమీ అనిపించలేదు. పాటలు ఎక్కించాను, చప్పుళ్లు తీశాను, పది వాక్యాలు రాశాను. "తప్పక వినండి" అని రాసేవాణ్ణి, నేనే వినకుండా. తెర మీద గీతలు పైకీ కిందికీ కదులుతుంటే పాట నడుస్తోందని తెలిసేది, అంతే. గ్రూపులో జనం బొటనవేళ్లు పెట్టేవాళ్లు. "సూపర్ అన్నా" అనేవాళ్లు. ఎక్కడ ఆగినావని ఒక్కరూ అడగలేదు. ఆళ్లగడ్డలో దిగి ఆఫీసుకు పోవాలంటే జీపుల స్టాండు ముందు నుంచి పోవాలి. నేను వెనక వీధిలోంచి పోవడం మొదలుపెట్టాను. ఆ దారిన మురికి కాలువ ఉంది. అయినా అదే నయమనిపించింది.

నెల కిందట ఒక ముసలామె ఫోను చేసింది. గోస్పాడు దగ్గరి ఊరు. నా నంబరు ఎవరో ఇచ్చారట.

"ఆ పాటలు పెట్టింది నువ్వేనా అప్పా?"

"ఏ పాటలమ్మా?"

ఆమె రెండో పాట మొదటి చరణం పాడకుండా మాటల్లో చెప్పింది. అవునన్నాను.

"అవి మా ఆయన రాసినవి. మాటలు ఆయన్వే. పాడినోడు ఎవురు?"

"ఆయనేనమ్మా పాడింది."

"గాదు. మా మనవరాలు పెట్టి వినిపించె. ఎవురో పిల్లోని గొంతు అది. మా ఆయన పాటలు ఎత్తుకోని వాడు పాడినాడు. వాడు పాడితే పాడినాడు, నాకేం బాధ ల్యా. ఆయన పాడింది నీకాడ ఉందేమోనని చేసినా. ఉంటే నాకియ్యి. నాకాడ ఒకటి కూడా మిగల్యా. అడిగినోళ్లకంతా ఇచ్చేసినాడు. ఉండే ఒక్కటీ ఎవురో ఇని ఇస్తామని తీస్కపోయిరి. ఆయన గొంతు ఇని పదకొండేండ్లాయె."

ఫోను పట్టుకుని నిలబడ్డాను. పరుగెత్తుతాండాది, ఆయప్ప ఇంత తొందరగా పాడల్యా. టైలరు మాట మూడేళ్ల తర్వాత నా చెవికి ఇప్పుడు చేరింది. సంగతంతా ఒక్క క్షణంలో తెలిసిపోయింది. సిగ్గు మాత్రం వేయలేదు. దారి తప్పి వేరే ఊరి బస్సెక్కానని తెలిస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది, అంతకంటే ఎక్కువ లేదు. ఆదివారం వస్తానమ్మా అన్నాను.

ఆమె చర్చి నుంచి వచ్చేసరికి నేను వాళ్ల వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాను. డెబ్భై దాటిన మనిషి. కాఫీ ఇచ్చి, చేటలో శనగలు పోసుకుని ఎదురుగా కూర్చుంది. గోడ మీద పంతులు ఫోటో ఉంది. మెడ లావు మనిషి, మీసాలు, నలభై ఐదేళ్లుంటాయి. ఆ పాటలు పాడినప్పటి వయసు అదేనని చెప్పింది. ఆ మెడ చూస్తే చాలు, ఆ లేత గొంతు ఆయనది కాదని ఎవరైనా చెబుతారు. నేను మాత్రం ఇరవై ఏళ్లు నిండని గొంతని రాశాను.

"అమ్మా, తప్పు నా మిషన్‌ది. నాది. పాట ఉండాల్సినదానికంటే తొందరగా తిరిగింది. గొంతు సన్నబడింది. ఇప్పుడు తగ్గిస్తా. ఎంత తగ్గించాల్నో నువ్వే చెప్పల్ల," అన్నాను.

ఆమె నమ్మలేదు. నమ్మనట్టే శనగల్లో రాళ్లు ఏరుతోంది. వేగంతో పాటు శ్రుతి కూడా దిగేటట్టు ఫోనులో పెట్టుకుని వచ్చాను. నూటికి తొంభై ఏడు దగ్గర పెట్టి నాలుగో పాట వినిపించాను.

"పిల్లోడే," అంది.

తొంభై ఐదు.

"వాని అన్న," అంది. నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

తొంభై నాలుగు దగ్గర రాళ్లు ఏరుతూనే వింది. పాట చివరికి వచ్చింది. దగ్గు వచ్చింది. ఆమె తలెత్తింది.

"అదేంది?"

"దగ్గమ్మా. పాడి అయినాక దగ్గినాడు."

"పాటొద్దు. అది పెట్టు మళ్ల."

పెట్టాను.

"పాట ఎవురైనా పాడ్తారు నాయనా. వాని మాదిరి వీడు పాడ్తాడు. దగ్గు ఎవురిది వాళ్లకే ఉంటాది. అది పెట్టు."

ఆ మధ్యాహ్నం మేమిద్దరం ఒక దగ్గును అరగంట సేపు విన్నాం. రెండు సెకన్లు కూడా ఉండదు అది. నేను కొంచెం తగ్గించడం, పెట్టడం. ఆమె తల అడ్డంగా ఊపడం. తొంభై మూడు. "ఇంగా కొంచెం." తొంభై. "ఎక్కువాయె. ఇది మా మామ దగ్గినట్ల ఉండాది." తొంభై ఒకటి. "ఊహూఁ." తొంభై రెండు.

చేటలో ఆమె చెయ్యి ఆగింది.

వేళ్ల మధ్య ఉన్న రాయిని పారేయలేదు, కింద పెట్టలేదు. అట్లాగే పట్టుకుని ఉంది. నేను ఇంకోసారి పెట్టాను. ఈసారి ఫోటోలో మనిషి దగ్గినట్టే ఉంది. గరుకుగా, ఛాతీ లోపలి నుంచి.

"జలుబు చేసిండె ఆ పొద్దు," అంది. "పొద్దన్నే చెప్తి, ఇంకో దినం పోయి పాడురాదా అని. రికార్డు చేసేటాయన మళ్ల టైము ఇయ్యడని పోయినాడు. ఈయనే. మొదట్నుంచి పెట్టు."

నాలుగో పాట మొదటి నుంచి పెట్టాను. గొంతు తియ్యగా లేదు. బరువుగా, కొంచెం ముక్కుతో, బడిలో పిల్లలకు ఎక్కం చెప్పే మనిషి ఆగి ఆగి పాడినట్టు ఉంది. నేను రాసిన ఇరవై వాక్యాల్లో ఒక్కటీ ఈ గొంతుకు పనికిరాదు. పాట అయింది. దగ్గు వచ్చింది.

"నీళ్లు తాగురాదా," అంది ఆమె, చేటలోకే చూస్తూ.

నాకు అప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. ఏదైనా అనిపించాల్సిన చోటు ఇదేనని మాత్రం తెలిసింది. తొమ్మిది పాటలూ తొంభై రెండుకు మార్చి ఆమె మనవరాలి ఫోనులో ఎక్కించాను. పదోది పోయిందని చెప్పాను. లేచేటప్పుడు ఆమె గుమ్మం దాకా వచ్చింది.

"ఆ పిల్లోని గొంతు తీసెయ్ నాయనా. జనాలకు ఆయన్ను పెట్టు."

పెడతానన్నాను. పెట్టలేదు. ఆదివారం పోయింది, ఇంకో ఆదివారం వచ్చింది. పెట్టాలంటే తప్పు నాదని రాయాలి. మూడేళ్లు నలభై మందికి, ఆ నలభై మంది ఇంకెంతమందికో, లేని మనిషిని ఒకణ్ణి పరిచయం చేశానని రాయాలి. మెరుగైన ప్రతి దొరికిందని రాసి తప్పించుకోవచ్చు. అట్లా రాసి కొట్టేశాను కూడా. ఇంకో ఆలోచన వచ్చింది, అది ఇంకా నీచమైనది. ఆమె ముసలామె, పదకొండేళ్లయింది, చెవికి ఏం తెలుస్తుంది? తొంభై రెండు సరైనదని ఎవరు చెప్పారు? అప్పుడు గుర్తొచ్చింది, కొలతల పుస్తకం ఒకటి ఉందని.

ఎనిమిది నెలల తర్వాత జీపుల స్టాండు వైపు నడిచాను. అంగడి తెరిచే ఉంది. అతని భార్య మిషన్ ముందు కూర్చుని జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. నన్ను చూసి లేచి స్టూలు తుడిచింది.

"ఇన్ని దినాలు రాల్యా అన్నా," అంది. నిష్ఠూరం కాదు, ఊరికే అంది.

పుస్తకం అడిగాను. ఎందుకని అడగకుండా అలమారలోంచి నాలుగు పుస్తకాలు తీసి ఇచ్చింది. రెండోదాంట్లో దొరికింది. నా కొలతలున్న పేజీ అది. నా ఛాతీ, నా భుజం, నా నడుము, దాని పక్కన పాత నడుము కొట్టేసి ఉంది. దాని కింద పంతులు ఊరి పేరు రాసి, పాటలు వరసగా. ఒక వరుస పాత ఇంకుతో, ఎప్పుడో క్యాసెట్టు చేతికి వచ్చిన కొత్తలో రాసింది. దాని పక్కన ఇంకో వరుస, వేరే పెన్నుతో. పైన "నాది", "అన్నది" అని రెండు మాటలు. అన్న అంటే నేను. మొదటి పాట, నాలుగు నిమిషాల పది సెకన్లు, అన్నది మూడు యాభై. రెండోది, ఆరు పదిహేను, అన్నది ఐదు నలభై ఐదు. నాలుగోది, ఐదు నిమిషాలు, అన్నది నాలుగు ముప్పై ఆరు. ఫోనులో లెక్క వేశాను. మూడు పాటలకూ తొంభై రెండే వచ్చింది.

"ఇది ఎప్పుడు రాసినాడమ్మా?"

ఆమె వచ్చి పేజీ చూసింది. వెంటనే గుర్తుపట్టింది.

"నువ్వు ఆ పాటలు తెచ్చిచ్చినప్పుడు. రెండు దినాలు గడియారం చూసుకుంటా కూచున్న్యాడు. ఒక్క జాకెట్టు కుట్టల్యా. చెప్పుకో పోయి అన్నకు, కొలత తప్పిందని, అంటి. ఒకపారి చెప్పినాడంట గదా. మళ్ల చెప్పనన్యాడు. అన్న నొచ్చుకుంటాడు, నొచ్చుకుంటే మళ్ల పాటలు తేడు అన్యాడు."

పుస్తకం మూయలేకపోయాను. కొలతలు చొక్కాలకు తీసుకో అన్నాను నేను. అతను నా చొక్కా కొలతల కిందే రాసి పెట్టుకున్నాడు. నా దగ్గర్నుంచి పాటలు రావని, పోయేదాకా తప్పు పాటే విన్నాడు. దాన్నే గ్రూపులో మెచ్చుకున్నాడు. దగ్గు ఒక్కటి మాత్రం దక్కించుకున్నాడు. దానివల్లే ఆ ముసలామెకు మొగుడి గొంతు దొరికింది.

అక్కడే స్టూలు మీద కూర్చుని గ్రూపులో రాశాను. పది వాక్యాలు కాదు, మూడు. పంతులు పాటల వేగం తప్పు, ఆ తప్పు నాది. మన టైలరు మూడేళ్ల కిందటే చెప్పినాడు, నేను వినలేదు. పాతవి తీసేస్తున్నాను, ఇవి పంతులు అసలు గొంతులో ఉన్నవి. ఒకతను వెంటనే రాశాడు, "పాతదే బాగుందన్నా, దీంట్లో కిక్కు లేదు" అని. పాతవి తీసేశాను.

తర్వాత నాలుగో పాట పెట్టాను. అతని టేపురికార్డరు పక్కనే ఫోను ఆనించి పెట్టాను. ఆమె మళ్లీ హుక్కులు కుట్టుకుంటోంది. బయట అహోబిలం జీపువాడు జనాన్ని పిలుస్తున్నాడు. పంతులు నిదానంగా పాడుతున్నాడు. మిషన్ పెడల్ మీద ఎవరి కాలూ లేదు. ఐదు నిమిషాలు గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. సరిగ్గా ఐదు నిమిషాలకు పాట ముగిసింది, దగ్గు వచ్చింది. ఎనిమిది నెలల ఏడుపు ఆ అంగట్లో ఏడ్చాను, చొక్కా చేత్తో మొహం తుడుచుకుంటూ. ఆ చొక్కా కుట్టింది అతనే.

"దగ్గు కాడ ఆగినాప్పా," అన్నాను, మిషన్ వైపు చూసి.

"ఏమన్యావన్నా?" అంది ఆమె.

"ఏం ల్యామ్మా," అన్నాను.